ఎలుక మెదడు శాంపిళ్లకు న్యూరోకెమిస్ట్రీ సర్వీస్: మెషీన్ సూపర్, ఫారం వేస్ట్

మా ల్యాబ్‌లో ఎలుకలకు ఫిట్స్ తెప్పించగలం, వాటి ఈఈజీ (మెదడు కరెంటు గీతలు) రాత్రీపగలూ రికార్డు చేయగలం, మెదడు తీసి అందులో హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని విడదీయగలం. అందులో మెదడు కణాలను (న్యూరాన్లను) ఉసిగొల్పే గ్లుటమేట్ ఎంత, వాటిని అదుపులో పెట్టే గాబా ఎంత అని కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ మాత్రం లేదు. అందుకే శాంపిళ్లు బయటికి పంపి, డబ్బు కట్టి కొలిపించుకుంటున్నాం. సర్జరీలు చేయడం, శాంపిళ్లు పంపడం, వచ్చిన రిపోర్టుతో కుస్తీ పట్టడం నా పని. ఇప్పుడు రాస్తున్నది అలా వాడిన ఒక సర్వీస్ గురించే. పేరు రాయను. నా ఫిర్యాదు ఇలాంటి సర్వీసులు నడిపే చాలామందికి తగిలేదే.

ముందే చెప్పేస్తాను. కొలవడంలో వీళ్లకు వంక పెట్టలేం. ఏం కొలుస్తున్నామో కనుక్కోవడంలోనే ఉంది చిక్కంతా.

వీళ్లు రెండు రకాల శాంపిళ్లు తీసుకుంటారు. ఒకటి గడ్డకట్టించిన టిష్యూ ముక్క. రెండోది డయాలిసేట్. బతికున్న ఎలుక మెదడులో సన్నటి మైక్రోడయాలిసిస్ ప్రోబ్ దించి, మెదడు ద్రవాన్ని పోలిన ఉప్పునీళ్లను నిమిషానికి ఒకటి రెండు మైక్రోలీటర్ల చొప్పున పంపిస్తే, కణాల బయట ఉన్న రసాయనాలు పొర గుండా కొంచెం కొంచెంగా అందులోకి చేరతాయి. అవతలి కొస నుంచి వచ్చే ఆ చుక్కలే డయాలిసేట్. రెండింటికీ కలిపి 'ఎపిలెప్సీ పానెల్' (ఎపిలెప్సీ అంటే మూర్ఛ జబ్బు) అని ఒకటి పెట్టారు: గ్లుటమేట్, గాబా, గ్లుటమిన్, ఆస్పార్టేట్, డోపమిన్, నార్‌అడ్రినలిన్, సెరటోనిన్, అడినోసిన్. జాబితా బాగుంది. పేరుతోనే నాకు పేచీ, అది తర్వాత చెబుతాను.

మేం పంపినవి లిథియం-పైలోకార్పిన్ ఎలుకల శాంపిళ్లు. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పైలోకార్పిన్ మొక్క నుంచి వచ్చే మందు, ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే మస్కరినిక్ రిసెప్టర్లను (కణాల మీద రసాయనాలు తగిలే చోట్లను) ఉసిగొల్పుతుంది. ముందు రోజు లిథియం ఇచ్చి ఉంచితే దీని డోసు చాలా తక్కువ సరిపోతుంది. ఎలుక ఆగకుండా ఫిట్స్‌లోకి వెళ్తుంది. దాన్ని స్టేటస్ అంటాం. డయాజెపామ్ ఇచ్చి ఆపుతాం. ఆ తర్వాత కొన్నాళ్లు పైకి ఏమీ ఉండదు, ఎలుక మామూలుగా తిరుగుతూ ఉంటుంది. సగటున రెండు వారాలు, ఒక్కో ఎలుకకు నాలుగు రోజులే, మరోదానికి నెల దాటి కూడా. ఆ తర్వాత ఏ మందూ ఇవ్వకుండానే ఫిట్స్ వాటంతటవే రావడం మొదలవుతుంది. అప్పుడు గానీ దాన్ని ఎపిలెప్సీ ఉన్న ఎలుక అనలేం. అంటే ఒకే ఎలుకలో మూడు వేర్వేరు మెదళ్లు ఉన్నట్టు లెక్క: స్టేటస్ నాటిది, మౌనంగా ఉన్న రోజులది, ఫిట్స్ వస్తున్న రోజులది. రసాయనాలు మూడింట్లోనూ ఒకేలా ఉండవు.

ఇప్పుడు వాళ్ల ఫారం చూడండి. జంతువు ఏది, ఆడదా మగదా, వయసెంత, టిష్యూ బరువెంత, ఏ బఫర్, ప్రమాదకరమైన పదార్థాలేమైనా ఉన్నాయా. అంతే! ఏ దశలో తీశారన్న గడి లేదు. చివరి ఫిట్ ఎన్ని గంటల ముందు వచ్చిందన్న గడి లేదు. ఏ మత్తు ఇచ్చారని లేదు. పెంటోబార్బిటాల్ నేరుగా గాబా రిసెప్టర్ మీద పనిచేసే మందు, ఫిట్స్‌నే ఆపేస్తుంది. అది ఇచ్చి తీసిన మెదడునూ, ఏమీ ఇవ్వకుండా తీసిన మెదడునూ ఒకే వరసలో పెట్టి పోల్చితే ఏమొస్తుంది? పోలిక కోసం ఉంచే కంట్రోల్ ఎలుకలకు కూడా లిథియం, డయాజెపామ్ ఇచ్చారా అన్నదీ అడగలేదు. అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రాణం పోయాక ఎన్ని సెకన్లకు గడ్డకట్టించారన్నది, ఫారంలో ఎక్కడా లేదు.

ఈ ఆఖరి సంగతి దగ్గర కాస్త ఆగాలి. రక్తం ఆగిపోగానే మెదడులో రసాయనాలు కూడా ఆగిపోవు. గాబాను తయారుచేసే జీఏడీ అనే ఎంజైమ్‌కు ఆక్సిజన్‌తో పని లేదు, అది తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. గాబాను ఖర్చుచేసే దారి మాత్రం మూసుకుపోతుంది. దాంతో నిమిషాల్లోనే గాబా పెరిగిపోతుంది. అడినోసిన్ ఇంకా తొందర మనిషి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ విరగడం మొదలైన సెకన్లలోనే ఎగబాకుతుంది. లాక్టేట్ కూడా అంతే. అంటే తల తెగినప్పటి నుంచి లిక్విడ్ నైట్రోజన్‌లో పడేదాకా నా చేయి ఎంత నెమ్మదిగా కదిలితే అంత అడినోసిన్ రిపోర్టులో కనబడుతుంది. తలను మొత్తంగా నైట్రోజన్‌లో ముంచినా లాభం కొంతే. లోపల ఎక్కడో ఉన్న హిప్పోక్యాంపస్ దాకా ఆ చలి చేరడానికి టైమ్ పడుతుంది. దీనికి సరైన మందు ఫోకస్డ్ మైక్రోవేవ్: ఒకటి రెండు సెకన్లలో తల లోపల ఎంజైములన్నీ ఉడికి ఆగిపోతాయి. కానీ ఆ మెదడులో ఎంజైముల పనితనం కొలవడం ఇక కుదరదు. పైగా ఈఈజీ కోసం తలకు స్టీల్ స్క్రూలు బిగించిన ఎలుకతో ఆ మెషీన్ దగ్గరికి పోలేం. ఇవన్నీ సర్వీస్ వాళ్లకు తెలియనివేం కావు. తెలిసీ ఫారంలో పెట్టలేదు, అదే నా బాధ.

ఫోన్ చేసి అడిగాను కూడా. అనలిస్టు ఓపికగానే మాట్లాడారు. "మేడమ్, శాంపిల్ మా దగ్గరికి చేరాక ఏం జరుగుతుందో దానికే మా బాధ్యత. ఎలుక ఎప్పుడు ఫిట్స్‌లో ఉందో మీకు తెలుసు కదా" అన్నారు. "నాకు తెలుసండీ, మీ రిపోర్టుకు తెలియదు కదా" అన్నాను. నవ్వి, పై వాళ్లకు చెబుతానన్నారు. రెండో బ్యాచ్ నాటికి 'ఇతర వివరాలు' అని ఒక ఖాళీ డబ్బా ఫారంలో చేరింది. అందులో ఇరికించి ఇరికించి రాశాను.

ప్యాకింగ్, పికప్ సంగతి ఒక్క ముక్కలో: థర్మోకోల్ పెట్టె, డ్రై ఐస్, లోపల ఉష్ణోగ్రత రికార్డు చేసే చిప్పు అన్నీ వాళ్లే పంపుతారు. టెన్షన్ లేదు. ట్యూబుల మూతల మీద కాకుండా పక్కన లేబుల్ అంటించమంటారు, అది వినండి.

ఇక కొలత. ఇక్కడ మాత్రం మనసారా మెచ్చుకుంటాను. మాకు ఇంతకు ముందు ఓపీఏ అనే ట్యాగ్ తగిలించి హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) చేయించిన అలవాటు ఉంది. అందులో ట్యాగ్ తగిలించిన పదార్థం నిలవదు, కరిగిపోతూ ఉంటుంది. రియాక్షన్‌కూ ఇంజెక్షన్‌కూ మధ్య టైమ్ ప్రతిసారీ ఒకేలా ఉండాలి. డయాలిసేట్‌లో గాబా ఉండేదే నానోమోలార్ స్థాయిలో, అంటే అతి స్వల్పంగా. గ్రాఫ్‌లో దాని చిన్న శిఖరం (పీక్) పక్కన ఇంకేదో పీక్ వచ్చి ఆనుకుంటే గాబా ఏదో, పొరుగు ఏదో తేలదు. వీళ్లు బెంజాయిల్ క్లోరైడ్‌తో ట్యాగ్ చేసి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో చూస్తారు. ప్రతి పదార్థానికీ స్టాండర్డ్‌ను (ఎంత ఉందో ముందే తెలిసిన నమూనాను) బరువైన కార్బన్ ఉన్న బెంజాయిల్ క్లోరైడ్‌తో ట్యాగ్ చేసి శాంపిల్‌లోనే కలుపుతారు. కాబట్టి మెషీన్ ఆ రోజు మూడ్ బాగాలేక సిగ్నల్ తగ్గినా స్టాండర్డ్ కూడా అంతే తగ్గుతుంది, లెక్క చెడదు. ఒకే శాంపిల్‌ను మారుపేర్లతో రెండు ట్యూబుల్లో పంపి చూశాను. రెండు అంకెలూ దాదాపు ఒకటే. మెషీన్ గీసిన గ్రాఫ్‌లు (క్రొమటోగ్రామ్‌లు), కాలిబ్రేషన్ గీతలు, ఖాళీ శాంపిళ్ల (బ్లాంకుల) ఫలితాలు అడగకుండానే జతచేశారు. కొలవగలిగిన హద్దుకు కిందికి పడిన చోట అంకె రాయకుండా 'హద్దుకు దిగువన' అని నిజాయితీగా వదిలేశారు. సున్నా అని రాసి చేతులు దులుపుకునేవాళ్లను చూసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

ఆ రిపోర్టు అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ రివ్యూ సగం ఉండేది. చివర రెండు పేజీల 'సారాంశం' ఉంటుంది, రంగురంగుల బాణాలతో. గాబా పెరిగితే పచ్చ బాణం, తగ్గితే ఎర్ర బాణం. గ్లుటమేట్‌కు దీనికి రివర్స్. కింద 'ఎక్సైటేషన్-ఇన్హిబిషన్ ఇండెక్స్' (ఉద్రేకానికీ అదుపుకూ నిష్పత్తి) అని గ్లుటమేట్‌ను గాబాతో భాగించిన ఒక అంకె. మా సార్ ఆ పేజీనే నేరుగా ప్రెజెంటేషన్‌లో పెడదామన్నారు. ఆపడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

ఎందుకు ఆపానంటే, టిష్యూలో గ్లుటమేట్ గ్రాముకు సుమారు 10 మైక్రోమోల్ ఉంటుంది. గాబా ఒకటి రెండు మైక్రోమోల్. అందులో దాదాపు అంతా కణాల లోపలిదే. చాలా భాగం కణం రోజువారీ జీవక్రియకు వాడుకునే సరుకు. కణాల బయట, రిసెప్టర్లకు తగిలే గ్లుటమేట్ గాఢత దానికి వేల రెట్లు తక్కువ. లోపలి నిల్వను లోపలి నిల్వతో భాగించి, మెదడు ఎంత ఉద్రేకంగా ఉందో చెప్పేస్తామంటే ఎలా?

మా క్రానిక్ ఎలుకల (ఫిట్స్ వాటంతటవే వస్తున్న దశలోని ఎలుకల) హిప్పోక్యాంపస్‌లో గ్లుటమేట్ తగ్గింది. సారాంశం పేజీలో పచ్చ బాణం, అంటే శుభవార్త అన్నమాట! నిజానికి ఏమైందంటే, పైలోకార్పిన్ స్టేటస్ తర్వాత హిప్పోక్యాంపస్‌లోని హైలస్, సీఏ1, సీఏ3 అనే ప్రాంతాల్లో న్యూరాన్లు పెద్ద ఎత్తున చచ్చిపోతాయి. ఆ ఖాళీలోకి ఆస్ట్రోసైట్లు (న్యూరాన్లకు తోడుండే కణాలు) పెరుగుతాయి. టిష్యూ బరువు మీద, ప్రోటీన్ మీద లెక్కగడితే ఆస్ట్రోసైట్ల ప్రోటీన్ కూడా ఆ లెక్కలోకి వస్తుంది. ఊళ్లో సగం మంది వెళ్లిపోయాక నీళ్ల వాడకం తగ్గితే, జనానికి దాహం తగ్గిందని రాసుకున్నట్టుంది ఆ బాణం.

అసలు మార్పులు ఎక్కడ జరుగుతాయో చూడండి. పైలోకార్పిన్ ఎలుకల హిప్పోక్యాంపస్‌లోని డెంటేట్ గ్రాన్యూల్ కణాల్లో గాబా-ఏ రిసెప్టర్ భాగాలే మారిపోతాయని 1998లో బ్రూక్స్-కేయల్ బృందం చూపించింది. ఆల్ఫా1 అనే భాగం తగ్గుతుంది, ఆల్ఫా4 అనేది పెరుగుతుంది, జింక్ తగిలితే ఆ రిసెప్టర్ తేలిగ్గా మూగబోతుంది. ఆ జింక్ మోసుకొచ్చే మాసీ ఫైబర్లే (ఆ కణాల నుంచి సాగే తీగలే) అదే చోట కొత్తగా మొలకెత్తి ఉంటాయి. గాబా అంకె మారనక్కర్లేదు, దాన్ని వినే చెవి మారిపోయింది. క్లోరైడ్‌ను కణం బయటికి తోసే కేసీసీ2 అనే ప్రోటీన్ తగ్గిపోతే గాబా ఆపాల్సింది పోయి కొన్ని కణాలను రెచ్చగొడుతుంది కూడా. 2002లో ఎపిలెప్సీ ఉన్న మనుషుల టెంపొరల్ లోబ్ (మెదడు పక్కభాగం) నుంచి తీసిన ముక్కల్లో ఇలాంటి కణాలు కనబడ్డాయి. ఇక ఆస్ట్రోసైట్ల వైపు: గ్లుటమేట్‌ను గ్లుటమిన్‌గా మార్చే గ్లుటమిన్ సింథెటేజ్, టెంపొరల్ లోబ్ ఎపిలెప్సీ ఉన్నవాళ్ల హిప్పోక్యాంపస్‌లో తక్కువగా ఉందని 2004లో తేలింది. ఎలుకల్లో ఆ ఎంజైమ్‌ను మెథియొనిన్ సల్ఫాక్సిమిన్‌తో ఆపేస్తే ఫిట్స్ వస్తాయి. గ్లుటమేట్‌ను బయటినుంచి లోపలికి లాగే జీఎల్‌టీ-1 అనే ప్రోటీన్ లేని చిట్టెలుకలు ఫిట్స్‌తో చచ్చిపోయాయని 1997లోనే చూశారు. వీటిలో ఏదీ ఆ ఇండెక్స్‌లోకి ఎక్కదు.

పచ్చ బాణం గురించి ఇంకొక్కటి. మా పక్క ల్యాబ్‌లో ఒక స్నేహితురాలు వాగ్-రైజ్ ఎలుకలతో పనిచేస్తుంది. పుట్టుకతోనే అబ్సెన్స్ ఫిట్స్ వచ్చే ఎలుకలవి, కదలకుండా ఉండిపోతాయి, ఈఈజీలో స్పైక్-వేవ్‌లు కనబడతాయి. ఇలాంటి మోడళ్లలో గాబాను పెంచే విగాబాట్రిన్ ఇస్తే స్పైక్-వేవ్‌లు తగ్గవు, పెరుగుతాయి. ఆమె పంపిన థాలమస్ (మెదడు మధ్యలోని భాగం) శాంపిళ్లకు కూడా ఇదే రిపోర్టు నమూనా వచ్చింది. గాబా పెరిగిందట, పచ్చ బాణం! ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

పేరుతో పేచీ అన్నాను కదా. వాళ్ల బ్రోషర్‌లో 'ఎపిలెప్సీ పానెల్' గొప్పతనం చూపించడానికి వాడిన డేటా, ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు పీటీజెడ్ అనే మందు ఒక్క ఇంజెక్షన్ ఇచ్చి తీసినది. పీటీజెడ్ గాబా-ఏ రిసెప్టర్‌ను అడ్డుకుంటుంది, ఎలుకకు ఫిట్ వస్తుంది, తగ్గిపోతుంది. అది ఫిట్ వచ్చిన మెదడు, ఎపిలెప్సీ ఉన్న మెదడు కాదు. తేడా మాటల్లోనే అనుకునేవాళ్లు లెవెటిరాసెటమ్ అనే మూర్ఛ మందు సంగతి గుర్తుచేసుకోండి. మామూలు ఎలుకలకు షాక్ ఇచ్చి, పీటీజెడ్ ఇచ్చి చేసే పాత పరీక్షల్లో అది దాదాపు ఏమీ చేయలేదు. రోజూ కొద్దిపాటి కరెంటుతో కిండ్లింగ్ చేసి మెదడునే మార్చిన ఎలుకల్లో మాత్రం పనిచేసింది. ఇప్పుడది ఎంతమంది రోగులు మింగుతున్న మాత్రో అందరికీ తెలుసు. ఆ బ్రోషర్ చూసి కొత్త స్టూడెంట్లు పీటీజెడ్ శాంపిళ్లు పంపి 'ఎపిలెప్సీలో గాబా' అని థీసిస్ రాసేస్తారేమోనని నా భయం.

డయాలిసేట్ సర్వీస్ టిష్యూ కంటే చాలా మేలు, డబ్బు పెట్టదలిస్తే దీనికే పెట్టండి. డ్యూరింగ్, స్పెన్సర్ అనే పరిశోధకులు 1993లో ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న రోగుల హిప్పోక్యాంపస్‌లలో రెండువైపులా ప్రోబులు పెట్టి, ఫిట్స్ పుట్టే వైపు గ్లుటమేట్ ఫిట్‌కు ముందే పెరగడం మొదలవుతుందని చూపించారు. అంతకు ముందు ఏడాది అడినోసిన్ ఫిట్‌తో 6 నుంచి 31 రెట్లు పెరుగుతుందని, ఫిట్ ఆగడానికి అదొక కారణం కావచ్చని చెప్పారు. ఇలాంటివి టిష్యూ ముక్కలో ఎన్నటికీ కనబడవు, ఎందుకంటే ఇక్కడ టైమే ముఖ్యం.

ఆ టైమ్ దగ్గరే మొదట్లో వీళ్లతో గొడవయింది. శాంపిల్‌కు కనీసం 20 మైక్రోలీటర్లు కావాలని రూలు పెట్టారు. నిమిషానికి ఒక మైక్రోలీటర్ అంటే 20 నిమిషాల చుక్కలన్నీ ఒకే ట్యూబులో. ఎలుకకు వచ్చే ఫిట్ ఎంతసేపు? నిమిషం, అటూ ఇటూ. ఫిట్ ముందు, ఫిట్, ఫిట్ తర్వాత మూడూ కలిసిపోయిన పులుసులో ఏం వెతుకుతాం? గట్టిగా అడిగితే 5 మైక్రోలీటర్లతో కూడా చేస్తామన్నారు, చేసి చూపించారు కూడా. వెబ్‌సైట్‌లో ఎక్కడా రాయలేదు, కాబట్టి మీరు కూడా అడగండి. ఈఈజీ టైమ్‌నూ ట్యూబు టైమ్‌నూ సరిచూసుకునేటప్పుడు, ప్రోబు నుంచి గొట్టం కొస దాకా ద్రవం రావడానికి పట్టే ఆలస్యాన్ని మీరే తీసేయాలి, వాళ్ల సాఫ్ట్‌వేర్ ఆ పని చేయదు. ప్రోబు దించిన గాయం సర్దుకోవడానికి టైమ్ ఇవ్వకుండా తీసిన శాంపిళ్లు పంపొద్దని వాళ్ల గైడ్‌లో స్పష్టంగా ఉంది, మంచి మాట. అయితే మామూలు వేళల్లో డయాలిసేట్‌లో కనబడే గ్లుటమేట్‌లో ఎక్కువ భాగం సినాప్స్ (న్యూరాన్లు ఒకదానికొకటి సిగ్నల్ అందించే చోటు) నుంచి వచ్చింది కాదన్న మాట కూడా ఆ గైడ్‌లో ఉండాల్సింది. న్యూరాన్ల సిగ్నల్‌ను టీటీఎక్స్ అనే విషంతో ఆపేసినా అది పెద్దగా తగ్గదు.

మోనోఅమైన్ల (డోపమిన్, నార్‌అడ్రినలిన్, సెరటోనిన్) కొలత గురించి నాకు పెద్దగా చెప్పడానికి లేదు, అంకెలు ట్యూబు ట్యూబుకూ నిలకడగా వచ్చాయి. శబ్దానికి ఫిట్స్ వచ్చే ఎలుకల మీద, నార్‌అడ్రినలిన్ మీద పనిచేసేవాళ్లు చూసి చెప్పాలి.

ఎవరికి పనికొస్తుందంటే: ఈఈజీ పక్కన పెట్టుకుని డయాలిసేట్ తీసేవాళ్లు కళ్లు మూసుకుని పంపొచ్చు. టిష్యూ పంపేవాళ్లు చివరి ఫిట్ టైమ్, మత్తు పేరు, గడ్డకట్టించడానికి పట్టిన సెకన్లు తమ పుస్తకంలో ప్రతి ఎలుకకూ రాసిపెట్టుకుని పంపండి. కంట్రోల్ ఎలుకలనూ మోడల్ ఎలుకలనూ ఒకే రోజు, ఒకే చేతితో, కలగలిపిన వరసలో తీయండి. మైక్రోవేవ్ లేకపోతే టిష్యూలో అడినోసిన్‌కు టిక్ పెట్టకండి, డబ్బు దండగ. రిపోర్టు వచ్చాక ముడి అంకెల ఫైల్ అడిగి తీసుకోండి, సారాంశం పేజీలు పీకేసి మిగతా రిపోర్టును మీ ప్రొఫెసర్‌కు ఇవ్వండి.

ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను, నాలుగూ మెషీన్ దగ్గర కూర్చునే వాళ్లకే. తర్వాతి బ్యాచ్‌కు అడినోసిన్ తీసేసి, న్యూరాన్లు ఎన్ని మిగిలాయో అంచనా కట్టడానికి పనికొచ్చే ఎన్-ఎసిటైల్ ఆస్పార్టేట్‌ను చేర్చమన్నాను. అది బెంజాయిల్ క్లోరైడ్ పద్ధతిలో రాదని, వేరే రన్ పెట్టాలని చెప్పారు. దానికి విడిగా కొటేషన్ పంపుతామన్నారు, ఇంకా రాలేదు.